మెట్లు లేని బేసు గిటారులను సేకరింపగోరువారికి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో గాని, వాని చుట్టుపట్ల పల్లెలలో గాని నివసించుచు, వచ్చు ఆదాయము పిల్లల ఫీజులకును, మామిడితోట మందులకును, మేనకోడండ్ర పెండ్లి కట్నములకును చాలీచాలక యున్నను, మనస్సు మాత్రము మెట్లు లేని ఎలక్ట్రిక్ బేసు గిటారుల వెంట పరుగిడుచున్న సజ్జనుల యుపయోగార్థము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. వాయించుట వచ్చియుండవలెనను నియమ మిందు లేదు. వచ్చినచో నది సేకరణమునకు కొంత యాటంకమే, ఏలయన వాయించువానికి ఒక్కటి చాలును.

వాద్యముయొక్క పూర్వచరిత్రను కొంత తెలిసికొనియుండుట మంచిది. ఇంటికి వచ్చిన చుట్టములను త్వరగా సాగనంపుట కది యుపకరించును. వ్రేలు పెట్టిన చోట స్వరము తప్పక పలుకునట్లు మెట్లమర్చి, లియో ఫెండర్ అను అమెరికావాడు 1951లో తన బేసును విపణికి తెచ్చెను. పదియేండ్లకు, అనగా 1961లో, తరువాత రోలింగ్ స్టోన్స్ బృందమున చేరిన బిల్ వైమన్ తన చౌకబారు బేసునకు క్రొత్త మెట్లు వేయుదమని పాతవానిని పీకివేసి, ఆ నాదము నచ్చుటచే క్రొత్తవి వేయుట మానుకొనెను. 1966లో ఆంపెగ్ కంపెనీవారు మెట్లు లేకుండనే తయారుచేసి యమ్మసాగిరి. 1970 నాటికి ఫెండర్ కంపెనీయును అదే దారి పట్టెను. పని తగ్గినది గాని దానికి తగినట్లు వెల తగ్గలేదని మన సేకర్త గ్రహించి, సంతోషింపవలెను.

వెల తెలిసికొనుటకంటె ముందు అలవరచుకొనవలసినది తిరస్కారము. ఈ బేసులలో రెండు తెగలు గలవు: మెట్లుండవలసిన తావులందు సన్నని గీతలు గలవి యొకటి, గీతలైనను లేక నున్నగా మెరయునవి రెండవది. వీణవారు మేరు వనియు గుఱ్ఱ మనియు చెప్పు రెండు తావులకు నడుమ తంతి నిడివి 34 అంగుళములు. దానిపై మొదటి యర్ధస్వరమునకు వ్రేలు దాదాపు 48 మిల్లీమీటర్లు నడువవలెను. సగము తంతి దాటునప్పటికి ఆ నడకయు సగమగును. ఐదు మిల్లీమీటర్లు తప్పినను చెవి గలవాని ముఖము మారును. గీతలున్నచో కన్ను చెవికి సాయపడును గనుక, గీతలు గలదానిని చూచినంతనే పెదవి విరిచి, “అది నేర్చుకొనువారికి” అని పలుకవలెను. ఒక్క తంతియైన మీటనివాడు ఈ మాట పలికినప్పుడు దాని శోభయే వేరు.

ఇట్టి సందర్భమున జాకో పాస్టోరియస్ పేరెత్తరాదు. ఈ వాద్యమునకు దైవసమానుడైన ఆయన 1962 నాటి ఫెండర్ జాజ్ బేసుపై మెట్ల తావులలో పూడ్చిన గీతలు స్పష్టముగా కనబడుచుండెను. మెట్లను వెన్నకత్తితో పెకలించితినని ఆయనయే యొకప్పుడు చెప్పెను. కొన్ననాటికే యెవడో పీకియుండెనని మరియొకప్పుడు చెప్పెను. సేకర్త యైనవాడు రెంటిని నమ్మవలెను. చుట్టతీగ తంతులు చెక్కను ఆకురాయివలె రాచివేయును గనుక ఆయన వ్రేళ్లాడు పలకపై పడవలకు పూయు ఎపాక్సీ పూసెను. ఆయన పెరిగినది సముద్రతీరమున, ఫ్లోరిడాలో. మనకు సముద్రము మూడువందల కిలోమీటర్లకు పైమాట. ధర్మపురిలో గోదావరి యున్నది గదా యని రేవున నిలిచి పడవ లేపనముకొరకు విచారించుటకంటె, హార్డువేరు దుకాణమున అరల్డైటు కొనుక్కొనుట మర్యాద. జాకోయొక్క ఆ బేసు 1986లో న్యూయార్కున చోరీయైనది. మరుసటి యేట జాకో ముప్పదియైదేండ్ల వయస్సున మరణించెను. బేసు మాత్రము దాదాపు ఇరువదియేండ్లకు మరల బయటపడెను. మన వాద్యముల నెవ్వరు నెత్తుకొనిపోరు. ఎత్తుకొనిపోదగిన దానిని కొనుటయే గొప్ప పరీక్ష.

ఇక అన్వేషణము. ఇంటివారు నిద్రించినది రూఢిపరచుకొని, దుప్పటిలోపల ఫోను వెలిగించి, హైదరాబాదు మొదలు కలకత్తా వరకు అమ్మువారి ఫొటోలను చూడవలెను. అమ్మువాడు వాయించి పంపిన వీడియోను పదింతలు విని నాదగుణమును నిర్ణయింపవలెను. బేసునందలి మందరతంతి, అనగా అన్నిటికంటె లావైనది, సెకనుకు 41 మారులు మాత్రమే కంపించును, అంతటి మంద్రమును ఫోను స్పీకరు పలికింపలేదు గనుక మీరు వినునది దాని పైఛాయలు మాత్రమే, అయినను “అబ్బ, ఏమి గుంభనము!” అని మీలో మీరనుకొనుటకు అడ్డు లేదు. మెడ వంగినదా, లోపలి ఉక్కు కడ్డీ తిరుగుచున్నదా, ప్రక్కనుండి తీసిన ఫొటో పంపుదురా యని యడుగుట అసభ్యత, అమ్మువాడు నొచ్చుకొనవచ్చును. జగిత్యాలలో వేసవిని ఎండ 45 డిగ్రీలు దాటునప్పుడు ఆ మెడ యెటు వంగునో యెట్లును తెలియగలదు.

విదేశపు సరకు కావలెనన్నచో కోరుట్లవారి కున్న సదుపాయము మరియెవ్వరికిని లేదు. ఇంటికొక దుబాయివాడో, మస్కటువాడో యుండును. ఫెండర్ తరహా బేసుల మెడ నాలుగు మరలతో బిగింపబడి యుండును; అవి విప్పి, మెడను దుప్పట్ల మడతలోను, దేహమును టైగరుబాము సీసాల నడుమను పెట్టి, అట్టపెట్టెకు తాడు కట్టి, పైన మార్కరుతో ఊరిపేరు వ్రాయవలెను. ఈ సాయము బామ్మర్దినే అడుగవలెను. సొంత తమ్ముడు లెక్క యడుగును. బామ్మర్దియు ఊరకుండడు: “బావా, మెట్లన్ని పీకేసిన పాతదానికి గన్ని పైసలా? కొత్తది మెట్లున్నదే దొర్కుతది గద!” అనును. వానికి సమాధానము చెప్పరాదు. అక్కకు మాత్రము చెప్పవద్దని వేడుకొనవలెను.

అంత స్తోమత లేనివారు కలకత్తా గివ్సన్ బేసు నొకటి తెచ్చి, ఊరి వడ్లాయన చేత మెట్లు పీకింపవచ్చును. “మంచిగున్నయి గద సార్, ఎందుకు పీకుడు?” అని యతడు మూడుమారు లడుగును. మెట్టును ముందు కొంచెము వేడిచేసి మెల్లగా లేపవలెను, లేనిచో అంచుల చెక్క పెచ్చులూడును; తరువాత గాడులను పలుచని చెక్కతో పూడ్చి నునుపు పట్టింపవలెను. ఇవి యతనికి చెప్పనవసరము లేదు. ద్వారబంధములు చేయువాని కీ పని పిల్లలయాట. చెప్పుట వలన కూలి పెరుగును.

సాధనకు సిరిసిల్లను మించిన స్థలము లేదు. మరమగ్గముల హోరులో మీ యపస్వరము పొరుగువాని చెవికి జేరదు. ఆ హోరు ఆగునది కరెంటు పోయినప్పుడే గనుక, అప్పటికి మీ ఆంప్లిఫైయరును మూగవోవును. పైగా తంతి కంపమును పట్టు పాతరకపు పికప్పులు కరెంటుతీగల గుంయిగుంయిమను ధ్వనిని పీల్చుకొనును. మన కరెంటు సెకనుకు 50 మారులు కంపించును, మందరతంతిపై మూడవ తావున పలుకు స్వరమో 49. కావున రవంత హెచ్చు శ్రుతిలో విద్యుచ్ఛాఖవారు అహర్నిశలు తంబుర మీటుచున్నారని భావించి, శ్రుతిపెట్టె ఖర్చు మిగుల్చుకొనవచ్చును.

ఒక్క ప్రమాదమునుగూర్చి మాత్రము హెచ్చరించవలసియున్నది. ఎల్లమ్మ కథ చెప్పు బైండ్లవారి జమిడికను పొరపాటున నైనను శ్రద్ధగా వినకుడు. ఒక ప్రక్క తోలు మూసిన చిన్న గుల్ల, ఆ తోలునుండి బయలుదేరిన ఒకే యొక నరము, దాని కొసను పట్టిన చేయి: ఇంతియే దాని సంపద. మెట్టు లేదు, గీత లేదు, పికప్పు లేదు. చేయి నరమును బిగించి వదలుచుండగా స్వరము ఒకచోట లేచి, జారి, మరియొకచోట నిలుచును. కథలో నెల్లమ్మ కోపించునప్పుడు అది గుర్రుమనును, ఏడ్చునప్పుడు అదియు నేడ్చును. మనము లక్షలు పోసి కొనదలచిన జారుడు నాదము ఇదియే. వాయించువాడు దానిని గోడకు వ్రేలాడదీసి ఫొటో తీయడు. అది యే సంవత్సరపుదో యెరుగడు. తోలు చినిగినచో మరియొకటి బిగించుకొనును. ఇట్టిదే మరియొక కథాగానమైన ఒగ్గుకథకు పేరుగన్న మిద్దె రాములు ఊరు హనుమాజీపేట సిరిసిల్లకు దూరము కాదు. ఆ ప్రాంతమున జాతరల దినములలో తిరుగుట సేకర్తలకు క్షేమము కాదు. చెవికి ఒకమారు రుచి తగిలినయెడల, అటకమీది పెట్టెలు విప్పి, ఉన్నవానిలో నొకదానినైన వాయింప బుద్ధి పుట్టును. అంతటితో సేకరణము నిలిచిపోవును.

నా చెవి యింకను సురక్షితముగనే యున్నది. కావున ఈ మూడు పట్టణములలో నెవరి యింటనైనను మెట్లు లేని బేసు మూలబడి యున్నచో, గీతలు లేనిదైన పక్షమున, నాకు తెలియజేయ ప్రార్థన. వెల మాటాడుకొందము. ఫోను మాత్రము పగటివేళ, నేను ఆఫీసులో నుండగా చేయవలయును. ఇంటిలో ఎవరైన నెత్తినచో, పసుపు ధర అడుగుటకు చేసితినని చెప్పవలయును.