పైపు లేని మీటరు

మొత్తానికి కారు ఇంజిన్ బలం పెంచే స్టేజ్-2 మన దాకా వచ్చేసింది. హైదరాబాద్, బెంగళూరు కుర్రకారు జబ్బనుకున్నది ఎర్రవల్లి చౌరస్తాలో హైవే దిగి గద్వాలకు చేరింది. వనపర్తిలోనూ అదే ఊపు, నాగర్‌కర్నూల్‌లోనూ అదే ఊపు. రీమ్యాప్ సంగతి, సైలెన్సర్ సంగతి చెవులున్న వాళ్లందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను. ఇప్పుడు మోజంతా ఆయిల్ పంపు మీద. బిల్లెట్ గేరు, హై వాల్యూమ్, రేసింగ్ పంపు! ఎవరి స్టేటస్ చూసినా డబ్బా విప్పే వీడియోనే. పంపుకు పసుపు కుంకుమ, పక్కన నిమ్మకాయ, వెనక డీజే పాట. ఇంజిన్ మూత వెనక దాక్కుని జన్మలో ఎవరి కంటా పడని వస్తువు కోసం కారు వెనక అద్దం నిండా స్టిక్కరు.

మా గల్లీ పిల్లవాడొకడు బండి తెచ్చి ఇంటి ముందు ఆపాడు.

"పంపు మార్చిననన్నా."

"పాతదానికేమైంది?"

"ఏం కాలే. పవర్ పెంచినం గదా, పంపు గూడ పెద్దగుండాలె."

"ఎవరు చెప్పిండ్రు?"

"అందరు ఏస్కుంటున్నరన్నా."

ఈ 'అందరు' అనే ఇంజినీరు దగ్గర పాఠం నేర్వని వాడు మన దగ్గర లేడు.

పంపు మీద ఇంత భక్తి ఉన్నవాళ్లకు అది చేసే పనేమిటో ఎవరూ చెప్పినట్టు లేదు. పంపు ఆయిల్‌ను తోస్తుంది, అంతే. ప్రెషర్‌ను పుట్టించదు. తోసిన ఆయిల్ క్రాంక్ బేరింగుల సన్న సందుల్లోంచి దూరి పోవాలి. ఆ ఇరుకు అడ్డుకుంటే పుట్టేదే ప్రెషర్. బేరింగులు అరిగి సందులు వెడల్పయితే ఆయిల్ సులువుగా జారిపోతుంది, ప్రెషర్ పడుతుంది. అప్పుడు పెద్ద పంపు వేస్తే మీటరులో ముల్లు లేస్తుంది గానీ అరిగిన బేరింగ్ అరిగినట్టే ఉంటుంది. బేరింగులు బాగున్న ఇంజిన్‌లో వేస్తే ఇంకో తమాషా. ప్రెషర్ హద్దు దాటగానే రిలీఫ్ వాల్వు తెరుచుకుని, ఎక్కువైన ఆయిల్‌ను వచ్చిన దారినే పంపేస్తుంది. తోడడం, పారబోయడం, మళ్లీ తోడడం. ఈ వెట్టిచాకిరీకి ఖర్చయ్యేది ఇంజిన్ బలం, పెరిగేది ఆయిల్ వేడి. పవర్ కోసం పవర్ తినే యంత్రాన్ని కొనుక్కుని దానికి హారతి పడుతున్నామన్న మాట.

బిల్లెట్ గేరుకు అసలు కథ లేకపోలేదు. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో ఆర్‌బీ26 ఇంజిన్ ఉండేది. క్రాంక్ మీద పంపును తిప్పే అంచు తొలి ఇంజిన్లలో మరీ సన్నం. శక్తినీ ఆర్‌పీఎమ్‌నూ పెంచినవాళ్ల చేతుల్లో క్రాంక్ అదురుకు పంపు లోపలి గేరు పగిలేది. తర్వాతి క్రాంకుల్లో ఆ అంచును వెడల్పు చేశారు. 2011 నాటి ఫోర్డ్ మస్టాంగ్ 5.0 ఇంజిన్‌దీ ఇలాంటి గొడవే. లోహపు పొడిని నొక్కి చేసిన గేర్లు మామూలు వాడకానికి చాలు. సూపర్‌చార్జర్ బిగించి, ఆర్‌పీఎమ్‌ను గరిష్ఠానికి పదే పదే కొట్టించిన వాళ్లకు అవి ముక్కలయ్యాయి. అలాంటి చోట గట్టి ఉక్కు దిమ్మెను కోసి చేసిన బిల్లెట్ గేరు అవసరం, అది కొన్నవాడు తెలివైనవాడు. మరి మనవాడి బండి? స్విఫ్ట్ డీజిల్. బీఎస్-6 వచ్చిన 2020లో కంపెనీ ఆపేసిన ఇంజిన్. ముల్లు ఐదు వేలు దాటితే గొప్ప. ఆ బండికి జపాన్ రేసు కారు రోగం రాదు. రాని రోగానికి మందు వేసుకున్నాడు, అదీ ఖరీదైన మందు.

సరే, వాళ్ల డబ్బు, వాళ్ల పంపు. నన్ను నిద్రపోనివ్వనిది మీటరు.

స్టీరింగ్ పక్కన, అద్దం స్తంభానికి, గుండ్రంగా, నీలం వెలుగుతో ఒక మీటరు బిగించుకుంటున్నారు చూశారా, ఆయిల్ ప్రెషర్ మీటరు. నిజానికి పంపు కంటే ముందు కొనాల్సింది అదే. వేడెక్కిన ఆయిల్‌తో ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్ఐ ఉంటే భయం లేదని అమెరికా ఇంజిన్ మేస్త్రీలు తరాలుగా చెప్పుకునే లెక్క. లెక్క మోటుదే కావచ్చు, అయినా ఆ మాత్రం చూడటానికైనా మీటరు ఉండాలి కదా. అందుకే మా పిల్లవాడి బండిలో దాన్ని చూసి సంతోషించాను. తాళం తిప్పాడు. నీలం దీపం వెలిగింది. ఇంజిన్ మొదలైంది. ముల్లు కదల్లేదు.

"ముల్లు లేస్తలేదేందిరా?"

"దానికి పైపు ఇయ్యలేదన్నా. లైట్ కనెక్షన్ ఒక్కటే ఇచ్చిండ్రు. ఇంజిన్ బ్లాక్ దగ్గర టీ జాయింట్ ఏసుడు రిస్కంట."

మళ్లీ చదవండి. ప్రెషర్ తెలుసుకోవడం రిస్కట!

ఒకడి బండే అయితే ఇంత గోల చేసేవాణ్ని కాదు. ఆ తర్వాత ఎక్కడ నీలం మీటరు కనిపించినా వంగి చూడటం నాకు రోగమైపోయింది. పెళ్లి ఊరేగింపులో, టీ కొట్టు ముందు, పెట్రోలు బంకులో. ఒకడి ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది. సెన్సర్ తీగను ఊరికే గాలిలో వదిలేశారు. మరొకడిది ఇంజిన్ ఆపినా 60 దగ్గరే నిలబడి ఉంది. అడిగితే "అట్లనే మంచిగ కనిపిస్తదన్నా" అన్నాడు. మంచిగా కనిపిస్తుంది, నిజమే. చచ్చిన ఇంజిన్‌కు 60 పీఎస్ఐ ఉండటం కంటే మంచి దృశ్యం ఏముంటుంది?

ఇంకొకాయన మరీ పండితుడు. మీటరును కొనలేదు, మీటరు స్టిక్కరును కొన్నాడు. ముల్లుతో సహా అచ్చు వేసి ఉంది. దాని మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు, గీతలు పడతాయని. ఈ ముగ్గురిలో నిజాయితీపరుడు ఆయనే అనిపించింది.

మీటరు సోకు కుర్రవాళ్లది, పోనీ. అదే తెలివిని సెకండ్ హ్యాండ్ బండ్ల దగ్గర వాడుతున్నారు, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. బండిలో కంపెనీ ఇచ్చిన ఎర్ర ఆయిల్ దీపం ఉంటుంది. ప్రెషర్ దాదాపు అయిపోయాక గానీ అది వెలగదు. అంటే అది వెలిగిందంటే ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి. బేరింగులు పోయిన బండిని అమ్మాలనుకున్నవాడు ముందు చిక్కటి ఆయిల్ పోస్తాడు. అప్పటికీ దీపం వెలిగితే 'రేసింగ్ పంపు' పేరుతో ఏదో ఒకటి బిగిస్తాడు. అప్పటికీ వెలిగితే బల్బు పీకేస్తాడు, లేదా ఆ తీగను బ్యాటరీ దీపానికి కలిపేస్తాడు. తాళం తిప్పితే వెలుగుతుంది, ఇంజిన్ మొదలైతే ఆరిపోతుంది, కొనేవాడికి అంతా బాగున్నట్టే. కొనేవాడు ఎవడు? అప్పు చేసి, కిరాయికి తిప్పుకుని కిస్తీ కడదామనుకున్న డ్రైవరు. రాత్రి పూట కుటుంబాన్ని ఎక్కించుకుని కొత్తకోట దాటాక ఇంజిన్ సీజ్ అయితే, హైవే మీద లారీల మధ్య బండి నిలిచిపోతే, ఆ బల్బు పీకినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఇది మెకానిక్ పని కాదు, దొంగతనం. దీనికి 'పర్ఫార్మెన్స్' అని ఫ్లెక్సీ కట్టడం సిగ్గులేనితనం. డబ్బా మీద ఒకటి, లోపల ఇంకొకటి ఉంటే బతుకేమవుతుందో నకిలీ విత్తనం వేసి పంట పోగొట్టుకున్న నడిగడ్డ రైతును అడగండి.

పంపుల సంగతి మనకు ఇంకొకరు నేర్పాలా అసలు? 2020 అక్టోబరులో కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో కల్వకుర్తి ఎత్తిపోతల పంప్‌హౌస్ మునిగింది. ఒక్కోటి 30 మెగావాట్ల మోటార్లు, నీళ్లలో. అప్పుడు జిల్లాలో ఎవరైనా "ఇంకా పెద్ద పంపులు తెండి" అన్నారా? పునాది ఏమైంది, పక్కనే పాలమూరు-రంగారెడ్డి పనుల పేలుళ్ల పాత్ర ఎంత, ఎవరు చూడాల్సింది చూడలేదు అని వాదించుకున్నారు. ఊరి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషికి కూడా తట్టిన ప్రశ్న అది. పంపు ఒంటరిగా చెడదు. దాని ముందొకటి ఉంటుంది, వెనకొకటి ఉంటుంది. ఆ జ్ఞానం బోనెట్ ఎత్తగానే ఎక్కడికి పోతుందో!

నిజంగా నమ్మకమైన పంపు కావాలనుకున్నవాడి పని చూడటానికి ఏమీ బాగుండదు, స్టేటస్ పెట్టుకోవడానికి పనికిరాదు. ఇంజిన్ దించి బేరింగ్ సందులు కొలవాలి. బండి చేసిన కంపెనీ పంపునే, సరైన పార్ట్ నంబరుతో తెచ్చి, మూత విప్పి, గేర్ల మీద అడ్డంగా ఉక్కు స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో సందు చూడాలి. రిలీఫ్ వాల్వు వేలితో నొక్కితే ఇరుక్కోకుండా జారుతోందా చూడాలి. తర్వాత పంపు ఆయిల్ పీల్చుకునే స్ట్రైనర్. నేను చూసిన 'పంపు పోయిన' ఇంజిన్లలో కొన్నిటికి పంపు నిక్షేపంగా ఉంది. అడుగున ఆయిల్ ఛాంబర్ బిగించేటప్పుడు బిర్యానీ మీద నెయ్యిలా పూసిన గమ్ము ఊడి, స్ట్రైనర్ జాలీకి ముద్దలుగా అంటుకుంది. స్ట్రైనర్‌కూ ఛాంబర్ అడుక్కూ మధ్య ఎంత ఎడం ఉందో తెలియాలంటే అడుగున పిల్లలాడుకునే మెత్తటి మట్టి ముద్ద పెట్టి, ఛాంబర్ బిగించి విప్పి, నొక్కుకుపోయిన మందాన్ని కొలవాలి. పది రూపాయల పని. చివరికి పంపులో ఆయిల్ నింపి, మొదటి స్టార్టింగ్ పొడిగా జరగకుండా చూసుకోవాలి. ఇవన్నీ చేశాక కూడా మీటరుకు పైపు ఇవ్వాలి.

ఇంత చేసి ఎక్కడ నడుపుతారన్నది వేరే ప్రశ్న. నాలుగు లేన్ల హైవే మీద కారుకు హద్దు గంటకు 100 కిలోమీటర్లు, మన లోపలి రోడ్ల మీద సగం దారి వడ్లు ఎండుతుంటాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు చూసి వచ్చి "మనమూ రేసర్లమే" అన్నవాళ్లూ ఉన్నారు. అవి కరెంటు కార్లు నాయనా, వాటికి ఇంజినే లేదు.

మా గల్లీ పిల్లవాడికి ఒక్కటే చెప్పాను, పాత పంపు తెచ్చి చూపించమని. వెళ్లి అడిగాడు. తుక్కులో పోయిందన్నారట. ఒక్క గీత పడని గేర్లు తుక్కులో ఎందుకు పోతాయిరా అంటే తల గోక్కున్నాడు. పోనీ కొత్తదాని నంబరైనా చూద్దామని బిల్లు అడిగాను. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. కంపెనీ పేరు లేదు, పార్ట్ నంబరు లేదు, వారంటీ లేదు. "పంపు – 1" అని ఉంది.