రక్తపిశాచాల చుట్టం

బెజవాడ, మే నెల. కొలతలు తీసుకుంటూ దర్జీ అడిగాడు, "ప్లీడరు గారా బాబూ?"

కాదు. అయినా మడమల దాకా వేలాడే నల్లకోటు కావాలి. తోలు ఖరీదు విని రెక్సిన్‌కి దిగాడు. 2003లో వచ్చిన ‘అండర్‌వరల్డ్’లో కేట్ బెకిన్‌సేల్ అలాంటి కోటుతోనే ఎత్తైన కట్టడం అంచు నుంచి వీధిలోకి దూకి, ఏమీ జరగనట్టు నడిచిపోతుంది. మనవాడు అదే కోటుతో స్కూటరెక్కి బెంజ్ సర్కిల్ చేరేసరికి రెక్సినూ సీటూ ఒకటైపోయాయి. దించడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

ఇలాంటివాళ్లు పేటకొకరుంటారు. "దయ్యాల సినిమానా?" అని అడిగి చూడండి, మొహం మాడ్చుకుంటాడు. దయ్యాలు కావు, రక్తపిశాచాలు. అవతలివాళ్లు తోడేలు మనుషులు, లైకన్లు. మంత్రాల గొడవ లేదు, అంతా వైరస్ పుణ్యం. కథ అల్లినవాళ్లలో ఒకడైన కెవిన్ గ్రెవియో మైక్రోబయాలజీ చదివాడనీ, రేజ్ అనే లైకన్ వేషం వేసిందీ ఆయనేననీ గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. మామూలు వెండి తూటాని లైకన్లు ఒంట్లోంచి తీసి పారేస్తారట. అందుకే పిశాచాలు సిల్వర్ నైట్రేట్ ద్రవం నింపిన తూటాలు చేయించుకున్నాయి. ఇదంతా అయ్యేసరికి అడిగినవాడు చల్లారిపోయిన టీతో నిలబడి ఉంటాడు.

అతనితో కూర్చుని సినిమా చూడడం వేరే శిక్ష. కేట్ బెకిన్‌సేల్ వేసిన సెలీన్ చుట్టుముట్టబడిన చోట రిమోట్ నొక్కి ఆపుతాడు. ఆమె రెండు పిస్తోళ్లూ కిందికి పట్టి, గిర్రున తిరుగుతూ తన చుట్టూ నేలని కాల్చేస్తుంది. అట్లకాడతో అంచులు లేపిన దోసెలా ఆ ముక్క ఊడి, ఆమెతో సహా కింది అంతస్తులో పడుతుంది. ఈ ముక్క నాలుగుసార్లు చూపిస్తాడు.

న్యాయంగా చెప్పాలంటే, చూడదగ్గ ముక్కే. బుడాపెస్ట్ వీధులు, నీలిరంగు చీకటి, తెరిపివ్వని వాన. భవంతిలో పిశాచాలు మాత్రం గ్లాసులు పట్టుకుని, పనంతా ఆడపెళ్లివారికి వదిలేసిన మగపెళ్లివారిలా సోఫాల్లో జారబడి ఉంటాయి. సుమారు 2.2 కోట్ల డాలర్లతో తీస్తే, ప్రపంచమంతా కలిపి 9.5 కోట్ల దాకా వచ్చాయి. 2016 నాటికి మొత్తం ఐదు భాగాలు.

ఒక ఆదివారం వాళ్లమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంది. మనవాడికి ఉత్సాహం వచ్చింది. "అయిదో శతాబ్దంలో కార్వినస్ అని ఒకాయనమ్మా. ముగ్గురు కొడుకులు. ఒకణ్ణి గబ్బిలం కరిచింది, ఒకణ్ణి తోడేలు. మూడోవాడు మామూలుగానే ఉన్నాడు. ఈ రెండు వర్గాలూ ఆ ఇద్దరి నుంచే. పిశాచాల పెద్ద విక్టర్ కూతురు సోన్యా, లైకన్ లూసియన్ని ప్రేమించిందని తండ్రే ఎండలో కట్టి చంపించాడు!"

"కన్నకూతుర్నే?" అమ్మ చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్లీ ఈనె లాగింది. "అయినా ఒరే, అన్నదమ్ముల సంతానం అంటున్నావుగా. వరసకి అన్నాచెల్లెళ్లు కారూ?"

"కాదమ్మా! విక్టర్ వాళ్లకి పుట్టలేదు. కొరికితే అయ్యాడు. అది రెండో భాగంలో..."

"కొరికితే గోత్రం కూడా మారుతుందట్రా?"

రిమోట్ పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. తెరమీద వాన పడుతూనే ఉంది.