డిష్‌ని డాబా మీంచి దించండి

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా కొత్త ఇంట్లోకి సామాను దిగీదిగగానే వినిపించే సలహా ఒకటుంది: డిష్ ఎంత ఎత్తున ఉంటే అంత మంచిదని. నేను దీనికి పూర్తిగా ఎదురు చెబుతున్నాను. వీలైనంత కిందికి దించండి. పెరట్లో, ప్రహరీ లోపల, నేల మీద నిలబడితే చేతికందే చోట పెట్టండి.

ఎత్తు మీద ఈ మోజు పాత యాంటెన్నాల కాలం నాటిది. అప్పుడు దూరదర్శన్ తరంగాలు టవరు నుంచి నేలబారుగా వచ్చేవి. ఇళ్లనీ చెట్లనీ దాటి అందుకోవాలంటే గొట్టం మీద గొట్టం కట్టక తప్పేది కాదు. ఇప్పుడు సిగ్నల్ వస్తున్నది భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం నుంచి. మీరు గొట్టం మోసుకుని డాబా ఎక్కితే దానికి దగ్గరయ్యేది మహా అయితే పది మీటర్లు. ఆ పది మీటర్ల కోసం పిట్టగోడ అంచున నిలబడి, పక్కనే పోతున్న 11 కేవీ తీగల దగ్గర ఇనప గొట్టం పైకెత్తడం ప్రాణాలతో చెలగాటం. డిష్‌కి కావలసింది ఎత్తు కాదు, అడ్డులేని ఆకాశం.

ఆ ఆకాశం మన ప్రాంతంలో పెరట్లోంచి కూడా దొరుకుతుంది. డీడీ ఫ్రీ డిష్, సన్ డైరెక్ట్ వచ్చే 93.5 డిగ్రీల ఉపగ్రహస్థానం ఏలూరు నుంచి చూస్తే ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా, నేల నుంచి దాదాపు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అదే ఢిల్లీ వాళ్లకి 52 డిగ్రీలే. టాటా ప్లే వాడే 83 డిగ్రీల స్థానం మనకి ఇంకా పైన, 70 డిగ్రీల ఎత్తున, దాదాపు నేరుగా దక్షిణంలో ఉంటుంది. ఎయిర్‌టెల్‌ది 108.2. అది తూర్పుకి ఒరిగి 53 డిగ్రీలకు దిగుతుంది కాబట్టి వాళ్లకి కొంచెం ఎక్కువ ఖాళీ కావాలి. 66 డిగ్రీలంటే ఏమిటో చూడండి. ఎదురుగా డిష్ కంటే 22 అడుగుల ఎత్తున గోడ ఉన్నా, దానికి పన్నెండు అడుగులు ఇవతల పెడితే సిగ్నల్ గోడ మీంచి దిగి వచ్చేస్తుంది. కొబ్బరిచెట్టయితే మట్టలు ఎంత దూరం పరుచుకున్నాయో అదీ కలుపుకోండి.

అనుమానముంటే ఆకాశమే చెబుతుంది. మార్చి నెల మధ్యలోనూ, అక్టోబరు 1 అటూఇటూగానూ ఉదయం 11 గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఈ 93.5 ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ రోజుల్లో కొద్ది నిమిషాలు బొమ్మ పోవడానికి కారణం అదే. అప్పుడు మీరనుకున్న చోట ఎండ పడుతుంటే డిష్ అక్కడ పెట్టొచ్చు, నీడ ఉంటే పెట్టకూడదు. మిగతా రోజుల్లో సూర్యుడి దారి వేరు, ఆ ఎండని నమ్మొద్దు.

ఇక రెండో సలహా. డిష్‌ని పూర్తిగా విప్పేయకండి! ఉన్న ఇంట్లోనే డాబా మీంచి పెరట్లోకి మారుస్తున్నా, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి కాపురం మారుస్తున్నా ఇదే మాట. ఆ ఊళ్ల మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు. ఇంత దూరానికి ఉపగ్రహం ఎత్తు కోణంలో వచ్చే తేడా డిగ్రీలో అయిదో వంతు, దిక్కులో ఒక డిగ్రీ. కాబట్టి ఎత్తు సరిచేసే బోల్టునీ, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే డబ్బా) బిగించిన క్లిప్పునీ ముట్టుకోవద్దు. గొట్టానికి పట్టిన క్లాంపు మాత్రం వదులుచేసి డిష్‌ని మొత్తంగా పైకి లాగేయండి. చాలామంది ఇక్కడే అన్ని నట్లూ విప్పేసి, ఆ తర్వాత మూడు వైపులా వెతుక్కుంటారు.

మీ ఓపికంతా దిక్కు మీద ఖర్చుపెట్టకండి, గొట్టం నిలువు మీద పెట్టండి. నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. 60 సెంటీమీటర్ల డిష్ చూపు మొత్తం మూడు డిగ్రీల వెడల్పు, అంటే మధ్య నుంచి అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర. మూడడుగుల గొట్టం తల దగ్గర ఒక్క అంగుళం దక్షిణానికి వాలిందంటే ఒకటిన్నర డిగ్రీ అక్కడే పోయింది. పక్కకు తిప్పడం అలా కాదు. ఉపగ్రహం దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉంది కాబట్టి, గొట్టం మీద డిష్ మూడు డిగ్రీలు పక్కకి తిరిగినా ఆకాశంలో దాని చూపు జరిగేది డిగ్రీ పైచిలుకే. అందుకని మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకోండి. గొట్టానికి ఒక వైపు పెట్టి చూసి, పావు చుట్టు తిరిగి మళ్లీ చూడండి. రెండు వైపులా బుడగ మధ్యలో నిలిచాకే కాంక్రీటు పొయ్యండి, అది గట్టిపడ్డాకే డిష్ ఎక్కించండి.

డిష్ మొహం చూసి కంగారుపడొద్దు. ఉపగ్రహం 66 డిగ్రీల పైన ఉన్నా, మన ఇళ్ల మీది డిష్ ఇంకా చాలా కిందికి చూస్తున్నట్టే కనిపిస్తుంది. దాని తయారీయే అంత, ఎల్‌ఎన్‌బీ నీడ పడకుండా పక్కవాటంగా వంచి చేస్తారు. మొహాన్ని ఆకాశానికి ఎత్తేస్తే వాననీళ్లు పట్టడానికి తప్ప పనికిరాదు.

దిక్కు కోసం ఫోన్‌లో దిక్సూచి చూసేటప్పుడు ఇనప గొట్టానికి నాలుగడుగుల దూరంలో నిలబడండి. కేబుల్ బిగించే ముందు బాక్స్ స్విచ్ ఆపండి, ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఆ వైరులోంచే వెళ్తుంది. తర్వాత తెరమీద సిగ్నల్ పేజీ తెరిచి స్ట్రెంగ్త్ గీతని వదిలేసి క్వాలిటీ గీత చూడండి. మొదటిది డిష్ ఎటు తిరిగినా ఎంతోకొంత చూపిస్తూనే ఉంటుంది. అంచుని అర అంగుళం జరిపి, బాక్స్ పట్టుకునేదాకా అయిదారు సెకన్లు ఆగి, మళ్లీ జరపండి.

బొమ్మ రాగానే బిగించేయకండి. ఇప్పుడు సిగ్నల్‌ని మీ చేత్తోనే చెడగొట్టండి. తడిపి పిండిన గుడ్డ ఒకటి ఎల్‌ఎన్‌బీ మూతి మీద కప్పండి. ఈ తరంగాలను నీళ్లు పీల్చుకుంటాయి, శ్రావణంలో మబ్బు కమ్మితే టీవీ ఆగిపోయేది అందుకే. గుడ్డ కప్పాక క్వాలిటీ పడిపోతుంది. అలా పడిపోయినప్పుడే ఎటు జరిపితే పెరుగుతుందో స్పష్టంగా తెలుస్తుంది. అటు తగ్గేదాకా, ఇటు తగ్గేదాకా జరిపి రెంటికీ మధ్యన ఆపండి. క్లాంపు మీంచి గొట్టం మీదికి చెరగని రంగుతో ఒక నిలువు గీత గీసి అప్పుడు బిగించండి.

కొల్లేటి లంకల్లో ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. కిందికి దించమన్నానని నేలకు ఆనించొద్దు. బుడమేరు, తమ్మిలేరు పొంగి ఉప్పుటేరు గుంజలేనప్పుడు నీళ్లు ఇంటి గోడమీద ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లని అడగండి. కేబుల్ జాయింట్లన్నీ ఆ గుర్తుకి పైన ఉండాలి. గేదెలుంటే గొట్టం చుట్టూ దడి కట్టండి, అవి వీపు గోక్కోవడానికి మొదట వెతికేది ఇలాంటి స్తంభాన్నే.

మనది తుపాన్ల దారి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలిలో డాబా మీద డిష్ విప్పడానికి ఎవరూ ఎక్కలేరు, ఎక్కకూడదు కూడా. పెరట్లో ఉంటే హెచ్చరిక వచ్చిన పూటే, గాలి లేవకముందే ఒక్క క్లాంపు విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు. గాలివాన వెలిశాక గీతకి గీత కలిపి బిగించండి. దయచేసి ఆ గీత మాత్రం మరిచిపోకండి.