ఇరవై నాలుగు ఫ్లాపీల జాతకం

డాస్ అడిగితే పలికే ఫ్లాపీలు యూనిక్స్ అనగానే మూగనోము పడతాయని తొంభైలలో ఒక అపవాదు ఉండేది. బెంగళూరు బళేపేట నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోని ఎస్.పి. రోడ్డులో డబ్బాకు పది చొప్పున ఫ్లాపీలు కొనుక్కెళ్ళి, యూనిక్స్ ఎక్కిస్తూ సగంలో ఆగిపోయినవాళ్ళు నేరాన్ని కొట్టువాడి మీద, కంపెనీ మీద, రాహుకాలం మీద, చివరికి యూనిక్స్ మీద వేశారు. నా లెక్కలో ముందుగా కేసు కొట్టేయాల్సింది యూనిక్స్ మీదే. ఆ ఫ్లాపీలు అంతకుముందే చెడి ఉన్నాయి, అది బయటపెట్టడమే యూనిక్స్ చేసిన పాపం. యూనిక్స్ బాణీలోదే అయిన లినక్స్‌ని చూడండి, 1993 జులైలో వచ్చిన తొలి స్లాక్‌వేర్ లినక్స్‌కు 24 ఫ్లాపీలు కావాలి. డాస్ 6.22కి మూడు చాలు. ఒక్కో ఫ్లాపీ బాగుండే అవకాశం నూటికి 97 అనుకుందాం, మర్యాదకు కాస్త ఎక్కువే వేశాను. మూడూ బాగుండే అవకాశం నూటికి 91. ఇరవై నాలుగూ బాగుండే అవకాశం 48. అంటే మంచి ముహూర్తం చూసుకుని కూర్చున్నా సగానికి పైగా ఇళ్ళలో పని మధ్యలో ఆగాల్సిందే.

పైగా డాస్‌కి లౌక్యం ఎక్కువ. ఫార్మాట్ చేసేటప్పుడే పాడైన చోట్లకు గుర్తు పెట్టుకుని, ఫైళ్ళను వాటి జోలికి పోనివ్వదు. ఇన్ని బైట్లు చెడ్డవని చివర్లో ఒక ముక్క అంటుంది గానీ, అది చదివేవాడెవడు? యూనిక్స్ బూట్ ఫ్లాపీకి ఆ వెసులుబాటు లేదు. దాన్ని రాసేది డాస్‌లోని రారైట్ అయినా యూనిక్స్‌లోని డీడీ అయినా ఫ్లాపీ ఇమేజిని సెక్టారు తర్వాత సెక్టారుగా ఉన్నదున్నట్టు దించుతుంది, గుంట వచ్చినా దారి మళ్ళదు. రూట్ డిస్క్ జిజిప్‌తో కుదించినదైతే ఒక్క సెక్టారు పోయిన చోటి నుంచి మిగతాదంతా గంగపాలే. “కొట్లో మిషన్‌లో చదివింది కదా సార్!” అంటారు. నిజమే, చదివే ఉంటుంది. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో ట్రాకులు అంగుళానికి 135 చొప్పున కిక్కిరిసి ఉంటాయి. రాసిన డ్రైవు హెడ్డు వెంట్రుకవాసి పక్కకి ఉంటే ఆ డ్రైవే దాన్ని చదువుతుంది, ఇంకోటి చదవదు. బళేపేట వాద్యాల కొట్లలో రెండు హార్మోనియాలు దేనికది శ్రుతిలోనే ఉండేవి, రెంటినీ కలిపి వాయిస్తేనే చెవులు మూసుకోవాల్సి వచ్చేది. అందుకే ఎక్కించబోయే మిషన్‌లోనే ఫ్లాపీ రాసుకోవడం మేలు.

ఇక దోషి ఎవరో పట్టుకోవడానికి జ్యోతిష్యం అక్కర్లేదు, సీఆర్సీ ఎర్రర్ అంటూ తెరమీద పడే సెక్టారు నంబరు చాలు. ఎన్నిసార్లు పెట్టినా అదే నంబరు దగ్గర ఆగితే తప్పు ఫ్లాపీది. నంబరు పూటకో చోటికి మారుతుంటే హెడ్డుకి మురికి పట్టి ఉండాలి, లేదా కేబుల్ వదులై ఉండాలి. ఏ ఫ్లాపీ పెట్టినా ఆగుతుంటే డ్రైవుకే నూకలు చెల్లాయి. చివరిదాకా చప్పుడు లేకుండా చదివి, విప్పే వేళకి మొరాయిస్తే ఫ్లాపీని తిట్టకండి. ఎఫ్‌టీపీలో బైనరీ అని చెప్పకుండా ఆస్కీలో దించిన ఇమేజి అయ్యుండొచ్చు, ర్యామ్ కూడా అయ్యుండొచ్చు. ఒకసారి ఇనుప రేకు పక్కకి జరిపి వెలుతురులో చూడండి. లోపలి గోధుమరంగు బిళ్ళ మీద గుండ్రంగా గీత పడి ఉంటే దాన్ని ఇక ఏ డ్రైవులోనూ పెట్టకూడదు. రాలిన పొడి హెడ్డుకి అంటుకుని తర్వాతి ఫ్లాపీనీ గీకుతుంది. దాన్ని పక్కింటి డ్రైవులో పరీక్షిద్దామనేవాడు పొరుగువాడి మేలు కోరేవాడు కాడు.

సీడీలు వచ్చాక ఈ గొడవంతా ఎందుకనొచ్చు. కానీ సీడీ నుంచే బూట్ చేసే ఎల్ టోరిటో పద్ధతి 1995లో గానీ రాలేదు, వచ్చినా పాత బయాస్‌లకు ఆ సంగతి తెలియదు. 650 మెగాబైట్ల సీడీ ట్రేలో పడుకుని, 1.44 మెగాబైట్ల ఫ్లాపీ వచ్చి లేపేదాకా కాచుకునేది. ఆ ఫ్లాపీనీ మళ్ళీ రారైట్‌తోనో డీడీతోనో రాయాల్సి వచ్చేది.