సాహితీ మిత్రుల భుజాల మీద ఇల్లు మారడం ఎలా?

అనంతపురంలో అద్దెకుంటూ రచనలు చేసేవాళ్లకు ఇల్లు మారడం ఒక వరం. సరిగ్గా వాడుకుంటే సామాను మిత్రులు మోస్తారు, జాలి మీకు దక్కుతుంది, రాయాల్సిన పుస్తకం ఏడాది వాయిదా పడుతుంది. కింది సూత్రాలు వరుసగా పాటించండి. ఒక్కటి తప్పినా పని చేయాల్సి వస్తుంది.

1. కారణం పెద్దది చెప్పండి.
అద్దె బాకీ పడ్డామని, ఇంటాయన గేటు దగ్గరే కాపు కాస్తున్నాడని ఎవరికీ చెప్పకండి. "నవల మొదలుపెట్టినా. ఈ ఇంట్లో సాగడంల్యా" అనండి. దేని మీద అని అడిగితే "కరువు" అనండి. సగటు వానే ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండే నేలలో ఆ మాటకు ఎదురు ప్రశ్న రాదు. పేరు మాత్రం చెప్పకండి. పేరు చెబితే పుస్తకం ఎప్పుడని అడుగుతారు.

2. పంచాంగాన్ని రెండు రకాలుగా చదవండి.
ఇంటాయన కోసం ఒక రకం: ఆషాఢంలో ఇల్లు మారకూడదు, భాద్రపదంలో పితృపక్షాలు, ఆపైన ధనుర్మాసం. మిగిలిన నెలల్లో మంగళవారం పనికిరాదు, శుక్రవారం లక్ష్మి గడప దాటకూడదు. ఇలా ఎన్ని నెలలు దొరికితే అన్ని నెలలు ఉండండి. మిత్రుల కోసం ఇంకో రకం: రెండో శనివారమే దివ్యమైన ముహూర్తం. మన జిల్లాలో రాసేవాళ్లలో పంతుళ్లు చాలామంది. ఆ రోజు వాళ్లకు బడి ఉండదు, తప్పించుకునే దారీ ఉండదు.

3. ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేయండి.
"నువ్వొక్కడివి వస్తే చాలన్నా, ఇంకెవర్నీ పిలవలేదు" అని అందరికీ చెప్పండి. అందరూ ఒకేసారి గేటు దగ్గర ఎదురైతే "మీ అభిమానం అట్లాంటిది" అని కళ్లు తుడుచుకోండి. బండి ఉన్నవాడికి డీజిల్ ఖర్చు, జీతం పడినవాడికి కొత్త ఇంటి అడ్వాన్సు అప్పగించండి. మీ కవిత తేలిపోయిందని సభలో అన్నవాడికి బీరువా ఇవ్వండి. మెట్లు దిగేటప్పుడు కింది వైపు అతనే పట్టుకోవాలి. విమర్శకుడికి బరువు తెలియాలి.

4. గోతాల మీద పెద్ద పేర్లు రాయండి.
చెనిక్కాయల గోతాలు తెప్పించి, వాటిలో రుబ్బుడు పొత్రం, ఇనుప సామాను, పాత చెప్పులు కుక్కి మూతి కుట్టేయండి. పైన "అముద్రిత రచనలు" అని రాయండి. మిత్రులు పిల్లను ఎత్తుకున్నంత భద్రంగా ఎత్తుకుంటారు. వాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న పుస్తకాలు అడుగున పెట్టండి. తర్వాత అడిగితే "షిఫ్టింగులో పోయినట్లుందన్నా" అనండి. మోసింది వాళ్లే కాబట్టి వాళ్లే సిగ్గుపడతారు.

5. పనికి వాన నీడలో నిలబడండి.
నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలు ఇంత దూరం చేరేసరికి నీరసిస్తాయి. అందుకే అనంతపురానికి రెండు వైపుల నుంచీ వాన తక్కువ. మీరూ అట్లాంటి చోటే చూసుకోండి. ఇంట్లోంచి వచ్చే బరువుకూ, బండి ఎక్కే బరువుకూ సమాన దూరంలో కుర్చీ వేసుకుని నోటుబుక్కు తెరవండి. ఆ కుర్చీ బండి ఎక్కే ఆఖరి సామాను కావాలి. ఎవరైనా మీ వైపు గుర్రుగా చూస్తే తలెత్తి ఆకాశం చూడండి. ఈ జిల్లాలో అందరూ చూసేది దాన్నే. ఎవరికీ అనుమానం రాదు.

6. పెద్దలను మీకు కావాల్సినంతవరకే వాడుకోండి.
తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం మద్రాసులో ఉద్యోగం చేస్తూ 'పెన్నేటి పాట' రాశాడు. ఇది చెప్పి "చోటు మారితేనే కవిత్వం" అనండి. అంతకు ముందు ఆయన మిత్రులతో కలిసి అనంతపురంలో 'నవ్యసాహిత్యమాల' ప్రచురణలు నడిపిన సంగతీ, జైలుకెళ్లిన సంగతీ చెప్పకండి. మిత్రుల సాయమంటే కలిసి పని చేయడమని ఎవరైనా పొరబడొచ్చు. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే కథలు రాశారని, బండి వారి 'శప్తభూమి' నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని ఎవరైనా అంటే వెంటనే టీ తెప్పించండి.

నిమ్మలకుంట మాట అసలే రానీయకండి. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుల పెద్దలు బొమ్మల పెట్టె తామే మోసుకుని, ఊరూరా తిరిగి, రాత్రంతా రామాయణ భారతాలు ఆడారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇల్లు కదులుతున్నా కళ ఆగదని తెలిస్తే మీ గతేం కావాలి?

మీకు తగిన ఆదర్శం ఆనాటి మద్రాసు గవర్నరు థామస్ మన్రో. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు. తర్వాత ఎముకలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి మార్చారు. మోసినవాళ్ల పేర్లు ఎవరూ చెప్పుకోరు, మన్రో పేరు చెప్పుకుంటారు. ఇల్లు మారడమంటే అదీ.

7. తిండి ఖర్చును పండగ చేయండి.
"పాలు పొంగిస్తున్నాం, రండి" అంటే చేతులూపుకుంటూ ఎవరూ రారు. ఉగ్గాని బజ్జీ తెప్పించేటప్పుడు మీ చెయ్యి జేబు దాకా పోవాలి, అక్కడే ఆగాలి. "లెక్క తర్వాత చూసుకుందాం లేన్నా" అనే మంచివాడు ఒకడు ఉండనే ఉంటాడు. పాలు పొంగించడం, బిందెలు నింపడం, కొళాయి ఏ రోజు వస్తుందో పక్కింట్లో కనుక్కోవడం మీ ఆవిడ చూసుకుంటుంది. మీరు మిద్దెక్కి నీటి కరువు మీద కవిత చదవండి.

8. గోతాలు విప్పకండి.
"రాస్తున్నావా అన్నా?" అని అడిగితే "కాగితాలు ఏ గోతంలో ఉన్నాయో" అనండి. ఇంటి అగ్రిమెంటు పదకొండు నెలలకే ఉంటుంది. పన్నెండో నెలలో మళ్లీ మారండి. కుట్టిన గోతాలు కుట్టినట్టే బండెక్కుతాయి. శ్రమ ఆదా, నవల భద్రం.

9. వలస మీద రాయండి, వలసపోయేవాళ్లకు ఎదురుపడకండి.
చెనిక్కాయ పంట ఎండిపోయి, ముసలివాళ్లను ఇంటి దగ్గర వదిలి, బెంగళూరు బండెక్కడానికి మూటలతో బస్టాండుకొచ్చే కుటుంబాలు కనబడతాయి. వాళ్లూ ఇల్లు మారేవాళ్లే. కానీ వాళ్లకు రెండో శనివారం మిత్రులు లేరు. దగ్గరికి పోతే "కొంచెం ఈ మూట పట్టు సామీ" అంటారు. దూరం నుంచే కవిత రాయండి.

ఇవన్నీ పాటిస్తే పదేళ్లలో పది ఇళ్లు మారి ఉంటారు. ఒక్క పుస్తకమూ ఉండదు, ఫోన్ ఎత్తే మిత్రుడూ ఉండడు. ఇంతకన్నా ప్రశాంతత ఏ రచయితకు దొరుకుతుంది? ఆలస్యం చేయకండి. సామాను జోలికి పోకుండా ముందు ఫోన్ తీయండి.