తుంటి విరిగిన ఇంట్లో వినకూడని సలహాలు

అనకాపల్లి జిల్లా మాడుగులలో ఓ పెద్దావిడ పెరట్లో జారిపడిందంటే, డాక్టరు కంటే ముందే సలహాలు ఇల్లు చేరతాయి. చెప్పేవాళ్లంతా కావలసినవాళ్లే, ప్రేమకొద్దీ చెప్పేవాళ్లే. అందుకే కాదనడానికి నోరు రాదు. తుంటి విషయంలో మాత్రం కాదనండి, గట్టిగా కాదనండి. తరచుగా చెవిన పడేవి కొన్ని రాస్తున్నాను.

"బెణికుంటాదిలే, నూనె రాసి కాపడం పెట్టండి."

పెట్టకండి. అరవై దాటినవారు పడి గజ్జల్లో నొప్పి అంటున్నా, మడమ పడక మీంచి పైకెత్తలేకపోతున్నా తుంటి విరిగిందనే అనుకోండి. చాలామందికి ఆ కాలు రెండోదాని కంటే పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి తిరిగిపోతుంది. నాలుగడుగులు వేసినంత మాత్రాన విరగలేదని కాదు. విరిగిన ముక్కలు ఒకదానిలో ఒకటి దిగబడి ఉంటే కొందరు కుంటుకుంటూ నడిచేస్తారు కూడా. ఎక్స్‌రేలో ఏమీ కనబడక నొప్పి మాత్రం తగ్గకపోతే, సీటీ గానీ ఎమ్మారై గానీ తీయమని అడగాలి. మర్దన చేస్తే కుదురుగా ఉన్న ముక్క కూడా పక్కకు జరుగుతుంది. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం అంతకన్నా చేటు. కాళ్ల మధ్య దిండు పెట్టి, కాలు లాగకుండా, పడుకోబెట్టి ఉంచి 108కి ఫోన్ చేయండి.

"పసరు కట్టు కట్టించండి. పుత్తూరు కట్టుకి జనం ఎక్కడెక్కడినుంచో పోతన్నారు కదా."

ఈ మాట దగ్గరే ఎక్కువ కుటుంబాలు మోసపోతున్నాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పిల్లవాడి ముంజేయి విరిగితే, ముక్కలు పక్కకు జరగకుండా ఉంటే, బద్దలు కట్టి కదలకుండా ఉంచినా అతుక్కోవచ్చు. అలా అతికిన చేతులను చూసే జనానికి నమ్మకం కుదిరింది. తుంటికి ఆ లెక్క కుదరదు. తొడ ఎముక పైన బంతిలాంటి తల ఉంటుంది, దాని కింద సన్నని మెడ. ఆ మెడ కీలు లోపల, లోతైన కండ కింద ఉంటుంది. బయట ఎంత బిగించి కట్టినా ఆ కట్టు అక్కడిదాకా అందదు. తొడ కండరాలు విరిగిన ఎముకను పైకి లాగుతూనే ఉంటాయి. పైగా తలకు రక్తం తెచ్చే నాళాల్లో ముఖ్యమైనవి మెడను అంటిపెట్టుకునే పైకి వెళతాయి. మెడ విరిగి జరిగితే అవీ తెగుతాయి, రక్తం అందని తల క్రమంగా చచ్చుబడుతుంది. అందుకే పెద్దవారిలో ఆ తల తీసేసి లోహపు తల అమరుస్తారు, లేదా కీలు మొత్తం మారుస్తారు. వయసులో ఉన్నవారికైతే సొంత తల నిలబెట్టడానికి స్క్రూలు వేసి చూస్తారు.

మెడకు కాస్త కింద విరిగితే సంగతి వేరు. అక్కడ రక్తం బాగానే ఉంటుంది, ఎముక తనంతట తానే అతుక్కుంటుంది కూడా. కానీ వంకరగా, పొట్టిగా, నెలల తరబడి మంచం మీద ఉంచి! దాన్ని తప్పించడానికే ఎముక లోపల రాడ్డు గానీ, పక్కన ప్లేటు, స్క్రూ గానీ వేస్తారు.

"ఈ వయసులో కోతలేటమ్మా? మూడు నెలలు మంచం మీద ఉంటే సరిపోద్ది."

అన్నిటికన్నా ప్రాణాంతకమైన సలహా ఇదే. వృద్ధుల్ని చంపేది విరిగిన ఎముక కన్నా ఆ తరవాతి మంచమే. కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, నడుం కింద పుళ్లు పడతాయి, కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, మతి తప్పి రాత్రిళ్లు కేకలు పెడతారు. మంచి వైద్యం అందే దేశాల్లో సైతం తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు నలుగురైదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండా పోతున్నారు. ఆపరేషన్ మానేస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

మన కళ్లముందు జరిగినదే చూడండి. 2023 డిసెంబర్ 7 రాత్రి తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ ఎర్రవల్లి ఫామ్‌హౌస్‌లో జారిపడ్డారు. ఎడమ తుంటి ఎముక మెడ దగ్గర విరిగింది. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. సోమాజిగూడ యశోద ఆసుపత్రిలో మర్నాడే తుంటి కీలు మార్చారు. ఆ మర్నాడు వాకర్ పట్టించి నడిపించారు. 2024 ఫిబ్రవరి 1న చేతికర్రతో వచ్చి ఎమ్మెల్యేగా ప్రమాణం చేశారు. ఆయన హోదా పక్కన పెట్టి తేదీలు చూడండి. పడిన మర్నాడు ఆపరేషన్, ఆపరేషనైన మర్నాడు నడక. మాడుగుల ముసలమ్మకు కావలసిందీ అదే వరస.

మత్తు గురించి భయపడతారు. నడుములో సూది వేసి కింది భాగం మాత్రమే తిమ్మిరెక్కించి కూడా ఈ ఆపరేషన్ చేస్తారు. అంతకుముందే నడవలేక మంచాన ఉన్నవారికి సైతం చాలా సందర్భాల్లో ఆపరేషన్ మేలే, ఎందుకంటే ఆ నొప్పితో వారిని పక్కకు తిప్పి ఒళ్లు తుడవడం కూడా సాధ్యం కాదు.

"షుగరు తగ్గనీ, అమావాస్య పోనీ."

షుగరు, బీపీ, గుండె సంగతి ఆసుపత్రిలోనే చూసుకుంటారు. చేరిన రోజే గానీ మర్నాడు గానీ ఆపరేషన్ కావాలన్నది లక్ష్యం. ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెట్టకండి.

"మనలాంటోళ్లకి లక్షలెక్కడివి?"

విరిగిన ఎముకల ఆపరేషన్లు మన ఆంధ్రప్రదేశ్ ఉచిత వైద్య పథకంలో ఉన్నాయి. ఇదివరకు ఆరోగ్యశ్రీ అన్నాం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో ఈ పథకం సహాయకులెవరో కనుక్కుని, కార్డు చూపించి అడగండి. చోడవరం, అనకాపల్లి మీదుగా విశాఖ కేజీహెచ్ దాకా దారి ఉంది. పొలం తాకట్టు పెట్టే ముందు ఆ దారి చూడండి.

"ఆపరేషనయింది కదా, ఆరు వారాలు కాలు కింద పెట్టనీకండి."

మళ్లీ అదే మంచం! చాలామందిని మర్నాడే నిలబెట్టవచ్చు. ఎంత బరువు మోపవచ్చో సర్జన్‌ని అడిగి, అంతా మోపించండి. కీలు మార్చినవారు కొన్నాళ్లు గొంతుక్కూర్చోకూడదు, బాసింపట్టు వేయకూడదు. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే, పేషెంటు ఇంటికి రాకముందే కమోడ్ కుర్చీ తెచ్చి పెట్టండి.

"రోజూ హల్వా పెట్టండి, ఎముక గట్టిపడుద్ది."

మాడుగుల హల్వా మన ఊరి గర్వం, రుచికి ఓ ముక్క పెట్టండి. అందులో ఉన్నది గోధుమ పాలు, నెయ్యి, తీపి, జీడిపప్పు. ఎముకకు కావలసింది మాంసకృత్తులు, సున్నం (కాల్షియం). గుడ్డు, పప్పు, చేప, పాలు, చోడి అంబలి ఇవ్వండి. తిండి సహించని మనిషికి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి.

"పడింది, ఇరిగింది. అదంతా రాత."

నిలుచున్న ఎత్తునుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారిందని అర్థం. ఇది వినేవాళ్లు తక్కువ, చెప్పే డాక్టర్లూ తక్కువే. రెండో తుంటి కూడా అదే ముప్పులో ఉంటుంది. తుంటి విరిగి ఆపరేషనయిన వారికి ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు ఎక్కిస్తే మళ్లీ ఎముకలు విరగడమూ, మరణాలూ తగ్గాయని 2007లో వెలువడిన పెద్ద పరిశోధన చూపించింది. మూత్రపిండాలు, విటమిన్ డి పరీక్ష చేసి ఇస్తారు. కుట్లు విప్పడానికి తీసుకెళ్లిన రోజున ఈ మందు సంగతి మీరే అడగండి.