ఓడెక్కిన సైట్ విజిట్

విశ్రాంతి అనేది డబ్బు పోసి కొనదగిన సరుకనీ, అది కల్తీ లేకుండా దొరికే చోటు సముద్రం మీద తేలే హోటల్ ఒక్కటేననీ క్రూజ్ వ్యాపారం కొన్ని దశాబ్దాలుగా ప్రపంచానికి బోధిస్తూ వస్తోంది. ఆ బోధ ఇప్పుడు సెల్‌ఫోన్ ప్రకటనల రూపంలో షాద్‌నగర్ దాకా చేరింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, బోరుబావులను నమ్ముకొని సేద్యం సాగే మెట్ట ప్రాంతమిది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగినా, ఈ ప్రాంతానికి నీరివ్వవలసిన లక్ష్మీదేవిపల్లి జలాశయం మాత్రం ఏళ్ళ తరబడి కాగితాల మీద నిండుకుండలా తొణకకుండా ఉంది. అటువంటి చోట, కృష్ణమ్మ రాక కోసం ఎదురుచూడడం కన్నా బంగాళాఖాతానికే ఎదురువెళ్ళడం తెలివైన పని అని ఎవరికైనా తోస్తే తప్పు పట్టవలసిన పని లేదు. తప్పు పట్టవలసింది ఆ ప్రయాణపు మొదటి రోజును విశ్రాంతి పేరుతో అమ్మడాన్ని.

ఓడ ఎక్కే రోజును ఆ వ్యాపార పరిభాషలో ఎంబార్కేషన్ డే అంటారు. దాని స్వభావాన్ని గ్రహించడానికి షాద్‌నగర్ వాసికి ఉన్నంత అర్హత మరొకరికి లేదు. ఎందుకంటే 44వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ వెలసిన ప్లాట్ల వెంచర్ల పుణ్యమా అని, సైట్ విజిట్ అనే ప్రక్రియను ఇక్కడివారు కళ్ళారా చూశారు. కొనేలా కనిపించినవారిని ఏసీ బస్సులో తీసుకువచ్చి, షామియానా కింద కూర్చోబెట్టి, బిర్యానీ తినిపించి, తిన్నది అరిగేలోపు అడ్వాన్సు రాయించుకోవడమే సైట్ విజిట్. క్రూజ్ మొదటి రోజు కూడా అచ్చంగా ఇదే పద్ధతిలో నడుస్తుంది. తేడా అల్లా ఒక్కటే: వెంచర్ వారు బస్సునూ బిర్యానీనీ తమ ఖర్చుతో సమకూరుస్తారు. ఓడవారు ఆ ఖర్చును ముందే వసూలు చేసుకొని, ఆ తరువాత అమ్మకానికి దిగుతారు.

ఓడ రేవులో ఊరికే నిలిచి ఉంటే యాజమాన్యానికి నష్టం కనుక, పాత ప్రయాణికులు దిగిన రోజునే కొత్తవారిని ఎక్కించుకోవడం ఈ వ్యాపారానికి మూలసూత్రం. దీన్నే టర్న్‌అరౌండ్ అంటారు. ఉదయం ఒక జనం దిగిపోవాలి, మధ్యాహ్నానికి గదులన్నీ శుభ్రం కావాలి, సాయంత్రానికి ఓడ కదలాలి. ఈ హడావుడిలో కొత్త ప్రయాణికుడి వాటాకు వచ్చేది నిరీక్షణ. ఇంటి దగ్గరే వెబ్ చెక్‌ఇన్ ముగించుకొని వచ్చినవాడు కూడా వరుసలో నిలబడి, గుర్తింపు పత్రం చూపి, ఫొటో దిగి, సూట్‌కేసులను ఎక్స్‌రే యంత్రానికి అప్పగించి, అవి సాయంత్రానికి గది గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యేదాకా కట్టుబట్టలతో తిరగాలి. రేషన్ దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే ప్రభుత్వం విఫలమైందని తీర్పు చెప్పే పౌరుడే ఇక్కడ గంటల కొద్దీ నిలబడి, ఆ నిలబడడాన్ని అనుభూతి అని పిలిచి, వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు.

వరుస చివర చేతిలో పెట్టే కార్డు గది తాళంచెవిగానూ, గుర్తింపు పత్రంగానూ, అప్పుల పద్దుగానూ పనిచేస్తుంది. చాలా ఓడల్లో నోట్లతో పని ఉండదు. కార్డు చూపితే వస్తువు వస్తుంది, బిల్లు చివరి రోజున వస్తుంది. టికెట్టు ధరలోనే అన్నీ ఉన్నాయన్న మాటలోని ‘అన్నీ’ ఎంత చిన్నదో ఈ కార్డుతోనే తెలుస్తుంది: మద్యం, స్పా, ప్రత్యేక భోజనశాలలు, వైఫై, ఫొటోలు సాధారణంగా ఆ ‘అన్నీ’ పరిధిలోకి రావు. గది ఇంకా సిద్ధం కాలేదు కనుక బఫే దగ్గరికీ, కడుపు నిండింది కనుక స్పా చూపించడానికీ, స్పా చూశాక పానీయాల ప్యాకేజీ బల్ల దగ్గరికీ ప్రయాణికుణ్ణి మళ్ళించే ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉంటుందంటే, ఈ రాయితీ ఈ ఒక్క రోజుకే అన్న మాట వినకుండా అతడు సముద్రాన్ని చూడగలగడం అరుదు. తక్కువ ధరకు ఇన్‌సైడ్ క్యాబిన్, అంటే కిటికీ లేని గది, తీసుకున్నవాడి సంగతి మరీ చిత్రం. సముద్రం కోసమే బయలుదేరిన అతడికి నాలుగు గోడల మధ్య నిద్ర దక్కుతుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత పడవ నడిపేవాడి బాధను చెప్పింది. క్రూజ్ యుగంలో మల్లయ్య స్థానం ప్రయాణికుడిదే, అదీ రేవు దాటకముందే.

ఇంతకూ ఈ ఓడ ఎక్కడికి పోతుందన్న ప్రశ్న అనాగరికమైనది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టి, చేతులు మారి, 2021 నుంచి కొర్డీలియా సంస్థ ఓడగా భారతీయులకు సరికొత్త అనుభవాన్ని అందిస్తున్న ఎంప్రెస్, 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు బయలుదేరింది. ఓడలోని జూదశాల మీద అభ్యంతరాలు రావడంతో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతివ్వలేదు. ఓడ అక్కడ ప్రయాణికులను దించకుండానే సాగిపోయింది. ఊరు తప్పిపోయినా దుకాణాలు తప్పిపోలేదు కనుక, వ్యాపార దృష్టితో చూస్తే ఆ యాత్రలో ముఖ్యమైనదేదీ లోపించలేదు.

ఈ సంబరం వెనుక ఉన్న చెమట పాలమూరుకు కొత్తది కాదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు బదులుగా నెలల తరబడి ఇల్లు విడిచి, దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టిన పాలమూరు లేబర్ ఈ నేల మనుషులే. ఓడలో గదులు ఊడ్చేవారూ, పళ్ళేలు ఎత్తేవారూ అదే విధంగా నెలల ఒప్పందం మీద వచ్చిన వలస కూలీలు; టర్న్‌అరౌండ్ రోజున కొద్ది గంటల్లో వందల పడకలు సర్ది, సాయంత్రం అలసట కనబడకుండా నవ్వవలసింది వారే. వారికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విరామం ఇవ్వాలని 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం నిర్దేశించింది. విశ్రాంతిని టోకున అమ్మే చోట, పనివాడికి చిల్లరగానైనా అది దక్కడానికి అంతర్జాతీయ శాసనం కావలసి వచ్చింది.

మొదటి రోజున ఓడ తన ప్రయాణికుడికి ఏమీ అమ్మజూపకుండా మాట్లాడే సందర్భం ఒకే ఒక్కటి ఉంది. దాన్ని మస్టర్ డ్రిల్ అంటారు. ప్రమాదం వస్తే ఎవరు ఏ చోట జమకూడాలో, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో అందులో నేర్పుతారు. ఏడు పొట్టి కూతల తరువాత ఒక పొడవైన కూత వినిపిస్తే అది అపాయ సంకేతమని చెబుతారు. దీని వెనుక శవాల చరిత్ర ఉంది. 1912లో టైటానిక్ మునిగిన తరువాతే, 1914లో, సముద్ర ప్రాణరక్షణ ఒప్పందం మొదటిసారి రూపొందింది. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకార్డియా ఓడ రాతిని గుద్దుకొని ఒరిగిపోగా 32 మంది మరణించారు; అదే రోజున ఎక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్ జరగనే లేదు, ఎందుకంటే 24 గంటల్లోపు ఎప్పుడు జరిపినా చాలునని నాటి నియమం ఊరుకుంది. ఓడ కదలకముందే గానీ కదిలిన వెంటనే గానీ డ్రిల్ జరపాలన్న సవరణ 2015 జనవరి 1న అమలులోకి వచ్చింది. తెలుగువారికి ఇంత దూరపు ఉదాహరణలు అవసరం లేదు: 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ట పడవ వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగినప్పుడు, అందులో ఉన్న 77 మందిలో బతికి బయటపడ్డది 26 మందే.

అయినా మొదటి సాయంత్రం ప్రయాణికులు విసుక్కునేది ఈ డ్రిల్ మీదనే. కొన్ని ఓడల్లో దీన్ని ఫోన్‌లో చూసే వీడియోగా మార్చి, ఆ తరువాత జమకూడే చోటికి ఒకసారి వెళ్ళి హాజరు వేయించుకుంటే సరిపోతుందన్నారు. ఆ వీడియోను ఆడనిచ్చి పకోడీలు తినడం ప్రయాణికుడి వంతైంది. వేలు పోసి ఆనందించడానికి వచ్చినవారికి ఈ చావు మాటలెందుకన్న వాదన పైకి మర్యాదగానే వినిపిస్తుంది. కానీ రోజంతా జేబును తడిమిన ఓడ, ప్రాణాన్ని గురించి మాట్లాడిన ఆ కొద్ది నిమిషాలే భారమయ్యాయంటే, ఆ మనిషి అప్పటికే ప్రయాణికుడి స్థితి దాటి ఖాతాదారుగా మారిపోయాడని అర్థం. టికెట్టు మీద అదనంగా పైసా తీసుకోకుండా ఓడ ఇచ్చేది ఆ పాఠం ఒక్కటే. ఉచితమంటే షామియానా దాకా బస్సెక్కి వెళ్ళే జనం, ఉచితమైన ఆ ఒక్కదాన్నే వదిలిపెట్టడం తెలుగువారి లెక్కల తెలివికి తీరని మచ్చ.